బొట్టు పెట్టిన గ్రాఫిక్స్ కార్డు

“అమ్మా, నంబరు పక్కకు పెడితే ఒక్కటే తేడా దొరికింది. దీనికి బొట్టున్నది, దానికి లేదు.”

నాలుగో తరగతి చదివే నా కూతురు ఆ మాట అన్న క్షణంలోనే మొదటిసారి నాకు దిగులు పుట్టింది. పేపర్లో రెండు బొమ్మలు పక్కపక్కన వేసి ‘ఆరు తేడాలు కనుక్కోండి’ అంటారే, ఆ పిల్లకు ఎప్పుడూ ఆరూ దొరుకుతాయి. ఆమెకు దొరకలేదంటే లేనట్టే.

అది సోమవారం సాయంత్రం. కోరుట్లలో మా ఇంటి ముందుగదిలో నేల మీద దుప్పటి పరిచి కూర్చున్నాం. కంప్యూటర్ పక్కమూత విప్పి, పాత గ్రాఫిక్స్ కార్డును ఊడదీసి, ముందురోజు సిరిసిల్లలో కొన్న కొత్త కార్డు పక్కన పెట్టాను. గ్రాఫిక్స్ కార్డంటే తెర మీద బొమ్మ తడబడకుండా కదలడానికి లోపల కష్టపడే పలక. పాతదానికి ఒక ఫ్యాను, కొత్తదానికీ అదే ఫ్యాను. అదే నల్లటి రేకు. అవే నాలుగు స్క్రూలు. ఒక మూల చిన్న గాటు ఉంటే, రెండోదానికీ అదే మూల అదే గాటు. పాతదాని మీద 3420 అని, కొత్తదాని మీద 4420 అని ఉంది. కొత్తదానికి ఫ్యాను నడిమధ్య పసుపు రాసి పెట్టిన కుంకుమ బొట్టు అదనం.

“కవల పిల్లలున్నరే అమ్మా,” అన్నాడు ఒకటో తరగతి చదివే కొడుకు.

నేను నవ్వాను. భయం వేస్తే నాకు ముందు నవ్వే వస్తుంది.

నేను డిగ్రీలో కంప్యూటర్స్ చదివాను. పెళ్లయ్యాక ఇంట్లోనే పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తున్నాను. ఫొటోగ్రాఫర్లు మూడు కెమెరాలతో, ఒక డ్రోన్‌తో తీసుకొచ్చి పోసిన గంటల కొద్దీ వీడియోను కోసి, పాటలు పెట్టి, చూసేవాళ్లు ఏడ్చేలా చేయడం నా పని. ఈసారి జగిత్యాల ఫొటోగ్రాఫర్ ఒకాయన మొదటిసారి పెద్ద పెళ్లి అప్పగించాడు. అంతా బాగా స్పష్టమైన పెద్ద వీడియో. నా కంప్యూటర్ దాన్ని మోయలేకపోయింది. అప్పగింతల దగ్గరికి వచ్చేసరికి పెళ్లికూతురి తల్లి నోరు తెరుస్తుంది, ఆగిపోతుంది. మేము టీ తాగి వచ్చినా ఆమె నోరు అట్లాగే తెరిచి ఉంటుంది.

“చెల్లె, శుక్రవారం దాక సినిమా నా చేతుల పడాలె,” అన్నాడాయన ఫోన్లో. “మంచిగస్తే ఈ సీజన్ పెండ్లిళ్లన్ని నీకే. రాకుంటే కరీంనగర్ల ఇచ్చుకుంట, ఏమనుకోకు.”

ఏమీ అనుకోలేదు. నిద్ర పట్టలేదు, అంతే. ఒక సీజన్ పెళ్లిళ్లన్నీ నా చేతిలో ఉంటే ఇంట్లో నా పనిని ‘టైంపాస్’ అనే మాట ఆగిపోతుందని ఒక ఆశ. అందుకే ఆదివారం తంగళ్ళపల్లిలో మా అమ్మవాళ్లింటికి వెళ్లినప్పుడు, సిరిసిల్ల బజారులో మా వాళ్లకు తెలిసిన కంప్యూటర్ దుకాణానికి పోయాను.

“మీ దగ్గరున్నది మూడు వేల సిరీసక్కా, అది ముసలిదయ్యింది,” అన్నాడు దుకాణదారుడు, డబ్బా మీద దుమ్ము లేకపోయినా ఒకసారి తుడుస్తూ. “గిది నాలుగు వేలది. గీ ఏడాది మాల్. మూడు పెద్దదా నాలుగు పెద్దదా మీరే చెప్పుండ్రి.”

నాలుగే పెద్దదని నేను తలూపాను. డబ్బా కూడా అట్లాగే ఉంది మరి. దాని మీద రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టుకున్న ఆడమనిషి, వెనక మంటలు, గాలికి ఎగిరే జుట్టు, ఎర్రటి కళ్లు.

ఆ బొమ్మే కొంప ముంచింది. సోమవారం పొద్దున నేను పిల్లలను బడికి పంపి వచ్చేసరికి, బీడీలు చుట్టే చేట పక్కన పెట్టి మా అత్తమ్మ ఆ డబ్బాను పీట మీద కూర్చోబెట్టింది. అగరుబత్తి వెలుగుతోంది.

“ఏ అమ్మవారే గీమె?” అని అడిగింది.

“అమ్మవారు కాదత్తమ్మా. కంపెనీవాళ్లు ఏసిన బొమ్మ.”

“కత్తులు పట్టుకున్నది, మంటలున్నయ్. అమ్మవారు కాకుంటె మీ కంపెనోని పెండ్లామా? నోర్ముయ్. కొత్త మిషిన్ ఇంట్లకస్తె బొట్టు పెట్టకుంట వాడుతరా? మీ ఆయన బండికి పెట్టలేదా, ఫ్రిజ్జుకు పెట్టలేదా?”

నిజమే. మా ఇంట్లో మిక్సీకి కూడా బొట్టుంది. అత్తమ్మ ముందు డబ్బా మీద ఆడమనిషి నుదుటికి బొట్టు పెట్టింది. తర్వాత సీలు చింపి, లోపలి కార్డును తీసి, రెండు వైపులా పసుపు రాసి, ఫ్యానుకు బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చల్లబోతుంటే మాత్రం నేను చెయ్యి అడ్డం పెట్టాను. చల్లనిచ్చి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది.

సాయంత్రం కవలపిల్లల సంగతి బయటపడ్డాక కూడా ఆశ చావలేదు. కొత్త కార్డు బిగించి ఆన్ చేశాను. కంప్యూటర్ కూడా దాన్ని 4420 అనే గౌరవంగా పిలిచింది. అప్పగింతల సీను పెట్టాను. పెళ్లికూతురి తల్లి నోరు తెరిచింది. తెరిచే ఉంచింది.

కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా పనిచేసే మా ఆయన అన్నం తింటూ తెరవైపు చూసి, “గామె ఇంక ఏడుస్తనే లేదా?” అన్నాడు.

మంగళవారం బస్సెక్కి జగిత్యాలకు వెళ్లాను. అక్కడ ఒక సందులో కంప్యూటర్లు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. నేను చదువుకునే రోజుల నుంచీ తెలుసు. చాచా అంటాను. రెండు కార్డులూ ఆయన బల్ల మీద పెట్టాను. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి చూశాడు.

“అరే బేటా, పసుపు రాసిండ్రు, బొట్టు పెట్టిండ్రు. దీనికి శాదీ గిట్ల చేసిండ్రా?”

“మా అత్తమ్మ పూజ చేసింది చాచా.”

“మంచిది. దువా అందరికి అవసరమే,” అంటూ బ్రష్షు తీసి, కార్డు అంచున ఉండే బంగారు రంగు పళ్లలో ఇరుక్కున్న పసుపును ఓపిగ్గా దులిపాడు. తర్వాత ఒకదాని తర్వాత ఒకటి తన కంప్యూటర్లో పెట్టి, లోపలి వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్ తెరిచాడు. పాతదాని వివరాలు కాగితం మీద ముద్రించి నా చేతికిచ్చి, కొత్తదాని వివరాలు తెర మీద చూపించాడు. చిప్పు పేరు, వేగం, మెమరీ. ఒక్కొక్క వరుస చదువుతూ పోయాను. పై వరుసలో నంబరు తప్ప ఒక్క అక్షరం మారలేదు.

“నకిలీదా చాచా?” అని అడిగాను. నిజం చెప్పాలంటే నకిలీదైతే బాగుండునని ఆశపడ్డాను.

“నకిలీదైతే పోయి కొట్లాడుదువు. ఇది అసలుదే, అదే పరేషానీ. పాత చిప్పులకే కంపెనీవాళ్లు కొత్త నంబరేసి, కొత్త డబ్బాల పెట్టిండ్రు. తప్పు చెప్పలే. డబ్బా వెనుక చిన్న అక్షరాలల్ల అన్ని రాసిండ్రు, సూడు.”

చూశాను. ఫోన్ కెమెరాతో పెద్దవి చేసి చూస్తే నిజంగానే రాసి ఉంది. బిస్కెట్ ప్యాకెట్ కొంటే తేదీ మూడుసార్లు చూసే మనిషిని నేను. పిల్లల దగ్గు మందు సీసా మీద ఉన్నదంతా చదివి, లేని జబ్బులు కూడా తెచ్చుకునే మనిషిని. ఆ నేనే ఆ డబ్బా మీద కత్తుల ఆమెను చూసి వెనక్కి తిప్పడం మరిచిపోయాను.

“పెద్ద నంబరంటే పెద్దది కాదా మరి?”

“అట్లనుకుంటవనే పెద్ద నంబరు పెడుతరు. విను. వీళ్ల నంబర్లల్ల మొదటి అంకె చొక్కా. ఏడాదికో చొక్కా మారుస్తరు. మూడో అంకె మనిషి ఒళ్లు. బలం గక్కడ చూడాలె. నీది మూడు వేల నాలుగు వందల ఇరవై, ఇది నాలుగు వేల నాలుగు వందల ఇరవై. చొక్కా మారింది, ఒళ్లు గదే రెండు.”

“చివరి సున్నా?”

“గది ఊకెనే, అందానికి.” కార్డులు రెండూ నా వైపు జరిపి, “చివరకు అక్షరం గిట్ల ఉంటె మల్ల వేరే కథ. గది ఇంకోసారి అస్తే చెప్త. ఇప్పటికే నీ ముఖం తెల్లగయ్యింది,” అన్నాడు.

మూడో అంకె ఆరు ఉన్నది తెచ్చుకుంటే నా పని నడుస్తుందని ఆయనే చెప్పాడు. పాతదైనా ఫరవాలేదట. ఒక చీటీ మీద 3460 అని రాసిచ్చాడు. మూడు వేలది! నాలుగు వేలది ఇచ్చేసి మూడు వేలది తెచ్చుకోమంటున్నాడు. బస్సులో ఆ చీటీని చేతిలో పట్టుకుని కోరుట్ల దాకా అదే ఆలోచించాను. ఇంట్లో ఏమని చెప్పాలి?

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ ముందు ఒప్పుకోలేదు.

“బొట్టు పెట్టిన వస్తువును మల్ల దుకాణంల ఇస్తరానే? ఎవ్వలన్న ఇంటే నవ్వుతరు. ఇంట్లకచ్చినామెను ఎల్లగొట్టినట్టు.”

“అత్తమ్మా, అది కొత్తది కాదు. మన దగ్గరున్నదే. పేరు మార్చి అమ్మిండ్రు.”

“పేరు మారిస్తె?”

“లోపల గదే సరుకు. పైన వేరే కాగితం.”

అత్తమ్మ చేతిలో కత్తెర ఆగింది. ఒళ్లోని చేటలో తునికాకు ముక్కలు, తంబాకు. కోరుట్లలో చాలా ఇళ్లలో ఉన్నట్టే మా ఇంట్లోనూ ఆ వాసన ఎప్పుడూ ఉంటుంది.

“ఎర్ర లేబులు లెక్కనా?” అంది.

“ఏ ఎర్ర లేబులు?”

“మీ మామ సచ్చేదాక ఎర్ర లేబులు బీడీలే తాగిండు. పచ్చ లేబులు అంటే ముట్టేటోడు కాదు. గవి గొంతు పట్టుకుంటయట. ఎర్రవాటికి పైసలెక్కువ పెట్టి కొనుక్కచ్చేటోడు. గా ఎర్రవాటిని చుట్టింది నేను, పచ్చవాటిని చుట్టింది నేను. గదే ఆకు, గదే తంబాకు. నేనిక్కడ చుట్టిచ్చిన కట్టలకే కార్ఖానల వేరే వేరే లేబుల్లు అంటువెడుదురు. ‘ఓ మనిషీ, గవి నా చేతివే’ అంటె ఇనేటోడు కాదు. ‘నీకేం తెలుసే బీడీ సంగతి’ అనేటోడు.”

నేను రెండు రోజుల్లో బస్సెక్కి, సాఫ్ట్‌వేర్లు తెరిచి తెలుసుకున్నది ఆమెకు చేట ముందు కూర్చున్నచోటే ఒక్క నిమిషంలో అర్థమైంది. చేట పక్కన పెట్టేసి లేచింది.

“పొద్దుగాల ఎన్ని గంటలకు బస్సు?”

బుధవారం వేములవాడలో బస్సు మారి, ఇద్దరం సిరిసిల్ల దిగేసరికి పది దాటింది. పక్క సందుల్లో సాంచెలు ఒకటే మోత. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. శుక్రవారానికి రెండే రోజులు. ఈయన కాదంటే పెళ్లి కరీంనగర్‌కు పోతుంది, సీజన్ కూడా దాని వెంటే పోతుంది.

దుకాణదారుడు నన్ను చూసి నవ్వాడు. డబ్బా చూశాక నవ్వు ఆగింది.

“బొట్టు పెట్టినంక వాపస్ ఎట్ల తీసుకుంటమక్కా? సీల్ తీసిండ్రు. పసుపున్నది. దీన్ని ఇంకెవ్వలకు అమ్మాలె?”

నేను కాగితం చూపించబోయాను. తొందరలో అది చేజారి కింద పడింది. అత్తమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

“బిడ్డా, మీది ఏ ఊరు?”

“సిరిసిల్లనే అమ్మా. మా బాపు సాంచెలు నడిపేటోడు.”

“అయితె నీకు చెప్పవలసిన పనే లేదు. మీ బాపు నేసిన గుడ్డకు ఒక సేటు ఒక ముద్ర కొడుతడు, ఇంకో సేటు ఇంకో ముద్ర కొడుతడు. ముద్ర మారితె గుడ్డ మారుతదా?”

“మారది.”

“మరి గీ అమాయకురాలికి ముద్ర సూపిచ్చి గుడ్డ మారిందంటివేంది?”

అమాయకురాలిని నేనే. అప్పుడు అభ్యంతరం చెప్పే ధైర్యం లేదు.

“నాకేం తెలుసమ్మా,” అన్నాడతను, గొంతు తగ్గించి. “పైనుంచి డబ్బాలు పంపుతరు. కొత్త సిరీస్ అంటరు. నేను డబ్బా మీద ఉన్నదే చెప్త.”

నేను కింద పడ్డ కాగితం తీసి, “అన్నా, మీ కంప్యూటర్ల పెట్టి చూడండి,” అన్నాను. పెట్టాడు. కాగితం మీద పాతదాని వివరాలు, తెర మీద కొత్తదానివి. అతని వేలు వరుస వెంట వరుస దిగుతూ పోయింది. కిందికి దిగేకొద్దీ అతని ముఖం నా ముఖంలా మారడం చూశాను.

“అక్కా,” అన్నాడు మెల్లగా, “నేను సుత మా ఇంట్ల పాతది తీసేసి గిదే పెట్టుకున్న.”

“మరి తేడా తెలిసిందా?” అన్నాను.

“మస్తు స్పీడైందని మా ఇంటామెకు చెప్పిన.”

అత్తమ్మ పగలబడి నవ్వింది. అతనూ నవ్వాడు, వేరే దారి లేక. సరిగ్గా అప్పుడే ఒక పెద్దమనిషి లోపలికి వచ్చి, “మా వాడు ఇంజినీరింగు. నాలుగు వేలదే తెమ్మన్నడు. ఉన్నదా?” అని అడిగాడు. దుకాణదారుడు అలవాటుగా, “ఉన్నది సార్, గీ ఏడాది మాల్—” అని మొదలుపెట్టి, అత్తమ్మ వైపు చూసి ఆగాడు. ఆమె అతని ముఖమే చూసింది, అంతే.

“ఏం పనికి సార్? ముందు మీ వాడు ఏం పని చేస్తడో ఫోన్ చేసి కనుక్కోండ్రి,” అన్నాడు. ఆ పెద్దమనిషి ఏమీ అర్థం కాక ఫోన్ చేయడానికి బయటికి వెళ్లాడు.

నేను చీటీ ఇచ్చాను. 3460. దుకాణదారుడు నమ్మలేనట్టు చూశాడు.

“గిదా? గిది లోపల ఏడాది నుంచి పడున్నదక్కా. ఎవ్వలు అడుగుతలేరు. అందరికి నాలుగే కావాలె. నిజంగ మీకు గిది కావాల్నా?”

“గదే కావాలె.”

లోపలినుంచి తెచ్చాడు. దుమ్ము పట్టిన డబ్బా. పైన కత్తులు లేవు, మంటలు లేవు, మనిషే లేదు. దానికి బదులు ఇది ఇస్తానని, పైన ఏమీ ఇవ్వక్కర్లేదని అన్నాడు. కదలని సరుకు వదిలిపోతున్నందుకు లోలోపల సంతోషిస్తున్నట్టే ఉన్నాడు. నేను చాచా చెప్పింది మొత్తం చెప్పాను. దాచుకుంటే నిద్ర పట్టదు నాకు. చొక్కా సంగతి, ఒళ్లు సంగతి. అతను ఒక అట్టముక్క మీద రాసుకున్నాడు.

“మరి గా బొట్టు పెట్టినామె?” అంది అత్తమ్మ, అసలు విషయానికి వస్తూ. “ఆమెనేం చేస్తవ్?”

“ఎవ్వలకియ్యనమ్మా. నా బిల్లింగ్ కంప్యూటర్‌ల పెట్టుకుంట. బిల్లులు కొట్టుడు తప్ప దానికి వేరే పని లేదు, గా పనికి ఇది ఎక్కువనే. పూజ గూడ అయ్యింది, దుకాణానికి మంచిది.”

అత్తమ్మ తృప్తిగా తలూపి, డబ్బా మీది ఆమెకు ఒకసారి దండం పెట్టి లేచింది.

తిరుగు ప్రయాణమంతా నాకు కొత్త భయం. చాచా పొరపాటు పడితే? చొక్కా, ఒళ్లు తారుమారైతే? చివర నేను చూడని అక్షరం ఏదైనా ఉంటే? వేములవాడలో బస్సు కోసం నిలబడి ఆ డబ్బాను నాలుగు వైపులా తిప్పి ప్రతి అక్షరం చదివాను. ‘తేమ తగలనీయవద్దు’ అన్నది కూడా రెండుసార్లు చదివాను. “కార్డు చదువుడు ఒడిసిందా, బస్సు నంబరు చదువుతవా?” అంది అత్తమ్మ. మా బస్సు కదిలిపోతోంది. ఇద్దరం పరుగెత్తి ఎక్కాం.

సాయంత్రం ఇల్లు చేరి కార్డు బిగించాను. పిల్లలు, మా ఆయన, అత్తమ్మ అందరూ తెర ముందు కూర్చున్నారు. అప్పగింతల సీను పెట్టి కళ్లు మూసుకున్నాను. ఏడుపు వినిపించింది. ఆగకుండా, తెగకుండా, నిండు గొంతుతో ఏడుపు. కళ్లు తెరిచేసరికి పెళ్లికూతురి తల్లి బిడ్డను పట్టుకుని ఏడుస్తోంది. ఇటువైపు మా అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

“ఆమె మనకేమైతదని ఏడుస్తున్నవే అమ్మా?” అన్నాడు మా ఆయన.

“ఎవ్వలైతేంది? ఇన్ని దినాలసంది నోరు తెరిచి కూసున్నది, పాపం. ఇయ్యాల్టికి ఏడ్సింది.”

పడుకునే లోపే మిగిలిన కోతలన్నీ పూర్తయ్యాయి. వీడియో తయారవడానికి పెట్టి, పొద్దున లేచి చూస్తే తయారై ఉంది. ఫొటోగ్రాఫర్‌కు చెప్పినదాని కన్నా ఒక రోజు ముందే, గురువారమే పంపాను. చూసి ఫోన్ చేశాడు. వచ్చే నెల మూడు పెళ్లిళ్లు ఉన్నాయట. ‘చెల్లె, డేట్లు రాసుకో’ అన్నాడు. మా ఆయన ఆ మాట విన్నాడు. నాకు టీ తానే పెట్టాడు. అందులో చక్కెర మరిచిపోయాడు, నేను చెప్పలేదు.

ఇప్పుడు అందరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. పొద్దున జరిగింది ఒకటి మిగిలింది.

బడికి జడ వేస్తుంటే మా అమ్మాయి అడిగింది: “నువ్వు కంప్యూటర్లు చదివినవ్ గదమ్మా. మరి దుకాణంలనే ఎందుకు తెల్వలే నీకు?”

ఆదివారం డబ్బులిచ్చే ముందు ఒక ప్రశ్న నా నోటిదాకా వచ్చింది. ‘దీనికీ నా దగ్గరున్నదానికీ లోపల తేడా ఏంది?’ అని. అంతలో దుకాణదారుడు పక్కనున్న ఎవరితోనో, “గీ అక్క కంప్యూటర్లు చదివింది, ఈమెకు నేను చెప్పేదేముంటది,” అన్నాడు. ఆ ప్రశ్నను మింగేసి తలూపాను. ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు, చాచాకు చెప్పలేదు, అత్తమ్మకైతే అసలే చెప్పలేదు.

పిల్లలకు చెప్పాను.

“అడగబుద్ధయింది బిడ్డా. చదివినదానికి ఇది గూడ తెల్వదా అని నవ్వుతరేమోనని అడగలే. ఇద్దరు ఇనుండ్రి. మీకు తెల్వంది కనబడితే నోరు తెరిచి అడుగుండ్రి. ఎవ్వలన్న నవ్వితె నవ్వనియ్యుండ్రి. ఎంతసేపు నవ్వుతరు, రెండు నిమిషాలు. నేను గా రెండు నిమిషాలు తప్పిచ్చుకుందామని మూడు ఊర్లు తిరిగిన.”